పినాకినీ తీరమున ఒక తల్లి
శ్రీమతి పొణకా కనకమ్మగారి జీవితము

మన గ్రంథాలయమునకు ఇరువదియైదు సంవత్సరములు నిండినవి. ఈ రజతోత్సవ సంచికలో ఎవరిని తలచుకొనవలెనని ఆలోచించినప్పుడు మొదట మనసునకు వచ్చినది ఒక తల్లి. ఆమె మన గ్రామమున పుట్టినవారు కారు, మన గ్రామమున మెట్టినవారును కారు. అయినను పెన్నానది సముద్రమున కలియు ఈ నెల్లూరు సీమలో, పల్లెకు గ్రంథాలయము ఉండవలెనని, ఆడుబిడ్డ చేతికి పలక రావలెనని తలచి, ఆ తలపునకే తన బ్రతుకును ధారవోసిన ఇల్లాలు ఆమె. అందుచేత మన గ్రంథాలయపు గడప తొక్కు ప్రతి బాలికకును ఆమె పెద్దమ్మ వంటిది. ఆమె పేరు పొణకా కనకమ్మగారు.

లోకములో అందరి పనికిని లెక్క యున్నది. కూలికి లెక్క యున్నది, పంటకు లెక్క యున్నది, పడవలో దిగిన చేపకును లెక్క యున్నది. తల్లి చేసిన పనికి మాత్రము లెక్క వ్రాసినవారు లేరు. ఎన్ని కుండలు నీళ్లు మోసినది, ఎన్ని రాత్రులు జ్వరపడిన బిడ్డ ప్రక్క మేలుకొన్నది, ఎన్నిమార్లు తనకు లేదనక యితరులకు వడ్డించినది ఏ పుస్తకమునను ఉండదు. ఆమె కన్నుమూసిన తరువాత పెద్దకర్మ నాడు నలుగురు కూర్చుండి మహాతల్లి యని చెప్పుకొందురు. ఆ మాట చెప్పినవారు కూడ పోయిన పిమ్మట అదియును మిగులదు. కనకమ్మగారు ఇట్టి తల్లులలో ఒకరు. అయితే ఆమె తన కథను తానే వ్రాసి పోయినందున మనకు ఆమె శ్రమ కొంత తెలిసినది. ఆ కొంతయైనను మన గ్రామస్థులకు చెప్పుట ఈ వ్యాసము ఉద్దేశము.

పుట్టినిల్లు, మెట్టినిల్లు

కనకమ్మగారు 1892 వ సంవత్సరము జూన్ 10 వ తేదీన నెల్లూరు జిల్లా మినగల్లు గ్రామమున జన్మించిరి. తండ్రి మరుపూరు కొండారెడ్డిగారు, తల్లి కామమ్మగారు. కల్హణుని రాజతరంగిణిని తెనుగు చేసి సాహిత్యలోకమున పేరుగాంచిన మరుపూరు కోదండరామిరెడ్డిగారు ఈమెకు తమ్ముడు. ఆనాటి ఆచారము ననుసరించి ఆమెకు చిన్నతనముననే వివాహమైనది. భర్త పొట్లపూడి వాస్తవ్యులగు పొణకా సుబ్బరామిరెడ్డిగారు. బొమ్మలతో ఆడుకొనవలసిన వయసున ఆమె కోడలై పొట్లపూడి చేరిరి.

ఆ కాలమున పెద్దరైతు ఇంటి కోడలి దినచర్య ఎట్టిదో మన యూరి ముసలమ్మలు నేటికిని చెప్పగలరు. కోడి కూయక ముందే లేవవలెను. వాకిట కళ్లాపి చల్లి ముగ్గు వేయవలెను. పాలు పితికించి, చల్ల చిలికి, వెన్న తీయవలెను. పొలమునకు పోవు పాలేళ్లకు సంగటి కెలికించి పంపవలెను. మొలగొలుకు వడ్లు ఎండబోయించి, దంపించి, చెరిగించి, గాదెలకు చేర్పించవలెను. వచ్చు చుట్టమునకు, పోవు చుట్టమునకు విస్తరి వేయవలెను. పురుళ్లు, పుణ్యములు, పండుగలు, తద్దినములు అన్నియు ఆడువారి చేతి మీదుగానే నడచును. పనివారు ఎందరున్నను ఇంటి ఇల్లాలికి తీరిక యుండదు. కలిగిన యిల్లని ఊరు అనుకొనును. ఆ కలిమి వెనుక ఎవరి నడుము వంగినదో ఊరికి తెలియదు.

ఇట్టి యింట నుండి కనకమ్మగారు చదువు నేర్చిరి. ఆమె బడికి పోలేదు. ఆనాడు చెన్నరాజధానిలో అక్షరము తెలిసిన స్త్రీలు నూటికి ఒక్కరు కూడ లేరని 1901 వ సంవత్సరపు జనాభా లెక్కలు తెలుపుచున్నవి. ఆడుపిల్ల చదివినచో కాపురము చెడునని పెద్దలు భయపడిన దినములవి. అట్టి దినములలో ఆమె ఇంటి పనుల నడుమనే స్వయంకృషిచే తెలుగును చక్కగా అభ్యసించి, పిదప సంస్కృతమును, హిందీని కూడ నేర్చుకొనిరి. పద్యము చెప్పగలిగిరి. హిందూసుందరి, గృహలక్ష్మి మొదలగు స్త్రీల పత్రికలకు రచనలు పంపగలిగిరి. తనకు బడి లేకపోయెననెడి కొరత ఆమె మనసున ఎంత లోతుగా నాటుకొనెనో తరువాత ఆమె చేసిన పనులు చూచిన మనకు బోధపడును.

పల్లెలో ఒక గ్రంథాలయము

కనకమ్మగారు మొదట తలపెట్టిన ప్రజాకార్యము మనకు మిక్కిలి దగ్గరి విషయము. 1913 ప్రాంతమున పొట్లపూడిలో సుజనరంజనీ సమాజమను సంస్థ వెలసినది. దానితోపాటు వివేకానంద గ్రంథాలయమును ఏర్పడినది. రెంటికిని ఆమెయే ప్రాణము. అప్పటికి ఆమె వయసు ఇరువది యొకటి, ఇరువది రెండు సంవత్సరములు మాత్రమే.

కాలమును బట్టి చూచినగాని ఈ పని గొప్పతనము తెలియదు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము బెజవాడలో ఏర్పడినది 1914 లో. ఉత్తరమున వేటపాలెములో సారస్వత నికేతనము పుట్టినది 1918 లో. గ్రంథాలయముల కొఱకు ప్రభుత్వము చట్టము చేసి, ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయపు పన్ను వసూలు చేయు ఏర్పాటు ఆంధ్రప్రదేశమునకంతకు వచ్చినది 1960 నాటి చట్టముతో. అనగా పొట్లపూడిలో పుస్తకముల బీరువా తెరచిన నాటికి పల్లెటూళ్లకు పుస్తకము పంపువారు ఎవరును లేరు. నలుగురు చందాలు వేసికొని తెప్పించుకొనవలెను. నగరము నుండి పత్రిక రెండు మూడు దినములు ఆలస్యముగా వచ్చును. వచ్చిన పత్రికను చదువు తెలిసిన ఒకరు అరుగు మీద కూర్చుండి చదువగా తక్కినవారు చుట్టు చేరి వినవలెను. ఆ దినములలో అనేక గ్రామములందు గ్రంథాలయ మనగా చదువుకొను చోటు మాత్రమే కాదు, వినుకొను చోటు కూడ. చెవితో విన్నవాని బిడ్డకు కంటితో చదువవలెనను కోరిక పుట్టెను. మన గ్రంథాలయోద్యమము అట్లు పెరిగినది.

సుజనరంజనీ సమాజము పుస్తకములతో ఆగిపోలేదు. అంటరానివారని ఊరికి వెలుపల నుంచిన ప్రజల మేలు కొఱకు పని చేసినది. పెద్దకులపు ఇల్లాలు మాలమాదిగ వాడల క్షేమము విచారించుట నాడు సామాన్యమైన సంగతి కాదు. ఇంట మడి, బయట మాట, రెండును ఎదుర్కొనవలెను. గాంధీమహాత్ముని హరిజనోద్యమము దేశమున వ్యాపించుటకు సుమారు రెండు దశాబ్దములకు పూర్వమే ఈ పల్లెలో ఇట్టి పని మొదలైనదని మనము గుర్తుంచుకొనవలెను.

పల్లిపాటి ఆశ్రమము

1907 లో బిపిన చంద్రపాలుగారు ఆంధ్రదేశమున పర్యటించి స్వదేశీ మంత్రమును వినిపించినప్పటి నుండి తెలుగు యువకుల హృదయములు మేల్కొన్నవి. కనకమ్మగారి హృదయమును ఆ గాలి సోకినది. మొదట ఆమె మనసు అతివాదుల వైపు మొగ్గినది. గాంధీజీ దర్శనముతో ఆ త్రోవ మారి అహింసా మార్గమున స్థిరపడినది.

నెల్లూరికి కొద్ది దూరమున పెన్న యొడ్డున పల్లిపాడు కలదు. దిగుమర్తి హనుమంతరావుగారు, చతుర్వేదుల వెంకటకృష్ణయ్యగారు మొదలైన దేశభక్తులు అచట సత్యాగ్రహాశ్రమమును నెలకొల్ప సంకల్పించిరి. సంకల్పమున్నది, భూమి లేదు. ఆ భూమిని కనకమ్మగారు ఇచ్చిరి. సుమారు పదమూడెకరముల నేల ఆశ్రమము పేర వ్రాసి యిచ్చిరి. దక్షిణాఫ్రికాలో గాంధీజీకి మిత్రుడైన పారసీ రుస్తుంజీగారు కట్టడముల నిమిత్తము పదివేల రూపాయలు విరాళమిచ్చిరి. 1921 వ సంవత్సరము ఏప్రిల్ 7 వ తేదీన గాంధీమహాత్ముడు స్వయముగా విచ్చేసి పినాకినీ సత్యాగ్రహాశ్రమమును ప్రారంభించెను. రాట్నము, మగ్గము, ఖద్దరు, హిందీ, అస్పృశ్యతా నివారణము ఆశ్రమమున సాగిన వ్రతములు. సబర్మతి తరువాత దక్షిణమున వెలసిన సబర్మతి యని దానిని జనులు గౌరవించిరి.

రైతు బిడ్డలమైన మనకు పదమూడెకరములనగా ఏమో ఇతరులు చెప్పనక్కర లేదు. గట్టు మీద జానెడు నేలకై అన్నదమ్ములు కోర్టుల కెక్కు లోకమున, మాగాణి దేశపు ఇల్లాలు పొలమును వ్రాసి యిచ్చుట నోటిమాట కాదు. భూమి రైతుకు బిడ్డ వంటిది. ఆమె ఒక బిడ్డను దేశమునకు దత్తత యిచ్చినట్లు ఇచ్చివేసిరి.

కస్తూరిదేవి విద్యాలయము

1923 లో కనకమ్మగారు తన జీవితములోకెల్ల పెద్ద పనిని చేపట్టిరి. నెల్లూరు పట్టణమున బాలికల కొఱకు కస్తూరిదేవి విద్యాలయమును స్థాపించిరి. గాంధీగారి ధర్మపత్ని కస్తూరిబాయి పేర దానికి నామకరణము చేసిరి. ఈ పేరు పెట్టుటలోనే ఆమె మనసు తెలియుచున్నది. కస్తూరిబా గొప్ప చదువులు చదివినవారు కారు. బిడ్డలను పెంచుచు, ఆశ్రమమున వంట మొదలు రోగుల సేవ వరకు చేయుచు, చెరసాలలకు పోవుచు కాలము గడపిన తల్లి. అట్టి తల్లి పేరు బడికి పెట్టుట వలన, తల్లి పనియును దేశసేవయే యని లోకమునకు చాటినట్లయినది.

అప్పటికి సహాయ నిరాకరణోద్యమము జరిగి ప్రభుత్వపు బడులను విడిచిన దినములు. జాతీయ విద్యాలయములు అక్కడక్కడ పుట్టినవి. గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణగారి దంపతులు 1922 లో శారదానికేతనమును నెలకొల్పిరి. నెల్లూరు సీమలో ఆ కొరత తీర్చినది కస్తూరిదేవి విద్యాలయము. ఆడుపిల్లలకు అక్షరము, లెక్క, హిందీ, రాట్నము, కుట్టుపని వంటివి నేర్పి వారిని తమ కాళ్లమీద నిలువగలవారిని చేయుట ఇట్టి సంస్థల ఆశయము.

బడి పెట్టుట సులభము, నడపుట కష్టము. మొదట పిల్లలు రారు. పిల్లలు వచ్చినచో గురువులు చాలరు. గురువులు దొరకినచో జీతములకు డబ్బు చాలదు. ఆడుపిల్లల బడి యనగా ఈ కష్టములకు తోడు తలిదండ్రుల సంకోచ మొకటి. ప్రభుత్వపు పొత్తు వలదన్న సంస్థకు గ్రాంటు రాదు. దాతల దయయే ఆధారము. అట్టి సంస్థ నడచినదనిన, దాని వెనుక ఒకరు ప్రతిదినము బిడ్డను సాకినట్లు సాకిరన్న మాట. ఒకనాటి ఉత్సాహముతో సంస్థ పుట్టును. ఎడతెగని ఓపికతో మాత్రమే అది బ్రతుకును. ఈ ఓపిక తల్లులకు తెలిసినంతగా తక్కినవారికి తెలియదు. 1929 లో గాంధీజీ ఖద్దరు నిధికై ఆంధ్రదేశమున పర్యటించుచు నెల్లూరు వచ్చినప్పుడు విద్యాలయ భవనమునకు శంకుస్థాపన చేసిరి. బడి పుట్టిన ఆరేండ్లకు దానికి పునాదిరాయి పడినది.

ఉప్పు, చెరసాల

సముద్రతీరమున నివసించు మనకు ఉప్పు కథ ప్రత్యేకముగా చెప్పనక్కర లేదు. అల తెచ్చిన నీరు కయ్యలో ఎండి ఉప్పగును. ఆ ఉప్పును చేత పట్టుటకు మన తాతలకు అధికారము లేకుండెను. 1930 మార్చి 12 వ తేదీన గాంధీజీ సబర్మతి నుండి నడక మొదలిడి, ఏప్రిల్ 6 వ తేదీన దండి యొడ్డున ఉప్పు తీయగా, దేశములోని తీరమంతయు కదలినది. నెల్లూరు సీమ సముద్రతీరమును కదలినది.

కనకమ్మగారు ఆ ఉద్యమమున పాల్గొని శిక్ష పొందిరి. నెల్లూరు, రాయవేలూరు చెరసాలలలో ఆమె గడపిన కాలము మొత్తము సంవత్సరమునకు మించును. పాడిపంటలు గల యింటిలో పదిమందికి పెట్టిన చేయి, ఇనుప పళ్లెము పట్టుకొని వరుసలో నిలువవలసి వచ్చినది. పురుషుడు చెరసాలకు పోయినచో ఇల్లు చూచుకొనుటకు భార్య యుండును. ఇల్లాలు చెరసాలకు పోయినచో ఇంటి పని ఆగిపోవును. ఆమె నడపు బడి పని యేమగును? స్త్రీలు చేసిన త్యాగమునకు ఈ రెండవ బరువు కలదు. చరిత్ర వ్రాయువారు దీనిని తరచు మరచెదరు.

వెంకటగిరి మొదలగు జమీందారీ ప్రాంతముల రైతుల కష్టములును ఆమెను కదలించినవి. రైతుల పక్షమున నిలిచిన జమీన్ రైతు పత్రిక పుట్టుకకు నెల్లూరు వెంకటరామానాయుడుగారితో పాటు ఆమెయు చేయూత నిచ్చిరి. ఆ పత్రిక నెల్లూరు సీమ రైతాంగమునకు నోరై నిలిచినది. ఆ పత్రిక కొఱకు ఎదురు చూచిన కుటుంబములు మన ప్రాంతమున ఎన్నియో కలవు.

కడుపుకోత

ఇంతవరకు చెప్పినది లోకమునకు కనబడిన కనకమ్మగారి చరిత్ర. ఇక చెప్పవలసినది ఆమె ఇంటిలోని కథ.

ఆమెకు ఒక్కతే కూతురు. పేరు వెంకటసుబ్బమ్మ. తల్లి వలెనే చదువు మీద ప్రీతి గలది, రచనలు చేసినది. తనకు దొరకని చదువు తన బిడ్డకు దొరకినదని తల్లి సంతసించిన కాలము కొద్దిది మాత్రమే. ఆ బిడ్డ నిండు యౌవనమున తల్లి కన్నుల ముందే కాలము చేసెను.

ఈ దుఃఖమును వర్ణించుటకు మాటలు వలదు. మన తీరపు గ్రామములలో కడలికి పోయిన కొడుకు తిరిగి రాని తల్లులు గలరు. తుఫానులలో పసివాండ్రను పోగొట్టుకొన్న తల్లులు గలరు. వారికి చెప్పనక్కర లేదు, తక్కినవారికి చెప్పినను తెలియదు. దేశసేవ చేసినవారికి దుఃఖము తక్కువగా నుండునని ఎవరైన తలచినచో అది పొరపాటు. పైగా అట్టి తల్లికి ఇంకొక బాధ కూడ కలుగును. సభలకు, సంస్థలకు, చెరసాలలకు ఇచ్చిన దినములన్నియు తన బిడ్డ ప్రక్కన కూర్చుండ వీలుకాని దినములే గదా యన్న తలపు ఏ తల్లి మనసునైనను కోయక మానదు. పొలములో కూలికి పోయి బిడ్డను పొత్తిళ్లలో గట్టు మీద పరుండబెట్టిన తల్లికిని ఈ బాధ కలదు. చెమటోడ్చి పని చేయు ప్రతి తల్లియు తన బిడ్డకై పాటుపడుచు, ఆ పాటు వలననే బిడ్డకు దూరమగును. దీనికి పరిష్కారము ఏ గ్రంథములోను లేదు.

శోకభారమున ఆమె మనసు ఆధ్యాత్మిక మార్గమునకు మరలినది. అరుణాచలమున భగవాన్ రమణమహర్షి సన్నిధిలో ఆమె శాంతిని వెదకిరి. మన జిల్లాలోని అన్నారెడ్డిపాళెమున వెలసిన రామయోగిగారిని గురువుగా సేవించిరి. ద్రోణంరాజు లక్ష్మీబాయమ్మగారితో కలిసి జంటకవయిత్రిగా ఆరాధన, నైవేద్యము అను పద్యకృతులను రచించిరి. ఈ రెండు పేర్లును దేవునికి సమర్పించుటను తెలుపునవే. చేతిలో మిగిలిన దానిని ఎవరికో ఒకరికి సమర్పింపక ఆమె యుండలేకపోయిరని మనకు తోచును.

కాని ఇచటనే ఆమె గొప్పతనము కలదు. కూతురు పోయిన తల్లి లోకము మీద విసిగి తలుపు మూసికొన్నచో తప్పుపట్టువారు ఎవరును లేరు. ఆమె తలుపు మూయలేదు. ఆశ్రమము చూచినది, గురువును కొలిచినది, పద్యము వ్రాసినది. ఇన్ని చేసియు కస్తూరిదేవి విద్యాలయమును మాత్రము విడువలేదు. ఒక కూతురు పోయిన చోట పరుల కూతుళ్లను పెట్టుకొని బ్రతికినది. తన బిడ్డకు పెట్టలేని ముద్దను పరుల బిడ్డలకు పెట్టిన తల్లుల కథలు మనము పురాణములలో వినుచుందుము. నెల్లూరిలో అది కన్నులార చూడదగిన సత్యమయ్యెను.

చివరి దినములు

స్వరాజ్యము వచ్చినది. 1953 లో ఆంధ్రరాష్ట్రము, 1956 లో ఆంధ్రప్రదేశము ఏర్పడినవి. త్యాగము చేసినవారిలో కొందరు పదవులకు పోయిరి. కనకమ్మగారు విద్యాలయమునే తన పదవిగా నెంచిరి. మదరాసున డాక్టరు కె. ఎన్. కేసరిగారు నడపిన గృహలక్ష్మి పత్రిక తెలుగు విదుషీమణులను గౌరవించుచు ఇచ్చుచుండిన స్వర్ణకంకణము ఆమెకు లభించినది. బంగారు గాజు కంటె రాట్నపు నూలునే మిక్కిలి ప్రేమించిన ఆ చేతికి అది తగిన అలంకారమే.

1963 వ సంవత్సరము సెప్టెంబరు 15 వ తేదీన ఆమె పరమపదించిరి. డెబ్బదియొక్క సంవత్సరములు జీవించిరి. కోడలిగా పొట్లపూడిలో అడుగిడిన పసిపిల్ల మొదలు నెల్లూరు సీమకెల్ల తల్లియని పిలువబడిన వృద్ధురాలి వరకు సాగిన ఆ బ్రతుకులో ఆమె కూర్చుండి తినిన దినములు కొన్ని మాత్రమే.

ఆమె తన కథను తానే వ్రాసికొనిరి. దానికి కనకపుష్యరాగము అని పేరు. ఆ గ్రంథము ఆమె కాలమున అచ్చుపడలేదు. ఆమె పోయిన నలుబదియెనిమిది సంవత్సరములకు, 2011 లో, డాక్టరు కాళిదాసు పురుషోత్తముగారి కృషితో వెలువడినది. అందు ఆమె తన బ్రతుకులోని కష్టసుఖములను దాపరికము లేక చెప్పుకొనిరి. ఆ వ్రాతప్రతి చెదలపాలై యుండినచో ఏమి జరిగెడిదో ఒక్కమారు ఆలోచింపుడు. ఆశ్రమమునకు భూమి యిచ్చిన సంగతి దస్తావేజులలో నుండెడిది. బడి పెట్టిన సంగతి శిలాఫలకము మీద నుండెడిది. ఆ తల్లి మనసున పడిన బాధ మాత్రము ఆమెతోనే పోయియుండెడిది.

మన కర్తవ్యము

గ్రామసోదరీసోదరులారా! కనకమ్మగారి వలె భూమి వ్రాసి యిచ్చుట అందరికిని సాధ్యము కాదు. చెరసాలకు పోవలసిన అవసరమును నేడు లేదు. కాని ఆమె జీవితము నుండి మన వంటి సామాన్యులు చేయదగిన పనులు రెండు కలవు.

మొదటిది, మన యింటి ఆడువారిని గ్రంథాలయమునకు పంపుట. సాయంకాలమున గ్రంథాలయపు బల్లల చుట్టు మగవారే కూర్చుండి పత్రికలు తిరుగవేయుట మనము ప్రతిదినము చూచుచున్నాము. ఇంటిలోని స్త్రీకి తీరిక లేదని మనము చెప్పుదుము. ఆమెకు తీరిక లేకుండ చేసినవారము మనమేయని ఒప్పుకొనము. ఆమె చేతిలోని బిందెను మనము ఒక గడియ పట్టుకొన్నచో ఆమె ఒక పుస్తకము పట్టుకొనగలదు. ఇంటి పనుల నడుమనే అక్షరము నేర్చి గ్రంథాలయము పెట్టిన ఇల్లాలు మన సీమలోనే యుండినదని తెలిసిన తరువాత, ఆడువారికి చదువెందుకను మాట మన నోట రాకూడదు.

రెండవది, మన తల్లుల కథలను వ్రాసి యుంచుట. మన గ్రామమున ఎనుబది, తొంబది యేండ్ల ముదుసళ్లు నేటికిని గలరు. నారు నాటి, కుప్ప నూర్చి, ఉప్పుకయ్యలలో కాళ్లు పగులగొట్టుకొని, చేపల గంపలు నెత్తిన బెట్టుకొని ఊళ్లు తిరిగి, బిడ్డలను చదివించి పట్టణములకు పంపినవారు. వారి బిడ్డలు నేడు దూరదేశములలో నున్నారు. తల్లి మాత్రము అరుగు మీద కూర్చుండి వారి కొఱకు ఎదురు చూచుచున్నది. ఆమె ప్రక్క ఒక సాయంకాలము కూర్చుండి, ఆమె పుట్టిన యూరేదో, ఎన్నవయేట కాపురమునకు వచ్చినదో, ఏ తుఫానులో ఏమి పోయినదో, ఏ బిడ్డను ఎట్లు దక్కించుకొన్నదో అడిగి వ్రాసి యుంచుడు. చదువుకొన్న పిల్లలు ఈ పని చేయవలెను. అట్టి వ్రాతలకు మన గ్రంథాలయమున ఒక బీరువా కేటాయించుట రజతోత్సవ సంఘమువారికి విన్నపము.

కనకమ్మగారు తన కథను తాను వ్రాయగలిగిరి. మన తల్లులలో అనేకులు వ్రాయలేరు. వారు వ్రాయలేకపోవుటకు కారణము వారి చదువు మన చదువుల కొఱకు ఖర్చయి పోవుటయే. ఆ అప్పు తీర్చుటకు మనకు గల సాధనము కలమొకటి, గ్రంథాలయమొకటి.

పెన్న పొర్లిన యేడు పొర్లును, ఎండిన యేడు ఎండును. తల్లి ప్రేమకు ఎండుట యన్నది లేదు. పొట్లపూడిలో ఒక పడుచు ఇల్లాలు పుస్తకముల బీరువా తెరచి నూరేండ్లు దాటినది. ఆనాడు పల్లెలలో వెలిగిన దీపముల నుండియే ఒక్కొక్క గ్రామమున ఒక్కొక్క దీపము వెలిగి, ఇరువదియైదేండ్ల క్రిందట మన గ్రామమునకును వెలుగు వచ్చినది. ఈ రజతోత్సవ దినమున ఆ తల్లికి మన గ్రామమంతయు చేతులెత్తి నమస్కరించుచున్నది. ఆమె కోరినది నమస్కారము కాదు గావున, ఉత్సవము ముగిసి ఇంటికి పోవునప్పుడు ప్రతివారును తమ కూతురికో, కోడలికో, తల్లికో ఒక పుస్తకము తీసికొని పోవుదురు గాక.